పాస్టను వంశమూలము — పత్రవిమర్శనము

ఇంగ్లండుదేశపుఁ బదునేనవ శతాబ్దమును దెలిసికొనఁగోరువారికిఁ బాస్టను లేఖలు పరమాధారములు. నార్‌ఫోకు మండలమున సముద్రతీరమునకుఁ జేరువగా నున్న పాస్టను అను చిన్న గ్రామముపేరే యింటిపేరుగాఁ గల యొక కుటుంబమువారు తమలోఁ దాము వ్రాసికొన్న యుత్తరములు, వ్యాజ్యపుఁ గాగితములు, వీలునామాలు మొదలగునవి గెయిర్డ్‌నరు ప్రకటించిన సంపుటములలో వేయికి మించి యున్నవి. వీనియందు శాబ్దికులు భాషాపరిణామమును, చరిత్రకారులు గులాబీల యుద్ధములను, తక్కినవారు నాఁటి గృహజీవనమును వెదకికొనుచున్నారు. మేమిచటఁ బరిశీలింపఁబూనినది యొక్క విషయమే: ఈ వంశమునకు మూలపురుషుఁ డెవ్వఁడు? ప్రశ్న యల్పముగాఁ గనఁబడును. కాని 1465, 1466 సంవత్సరములలో దీనికి రాజస్థానమున దొరకు నుత్తరమునుబట్టి యా కుటుంబమువారి సమస్తమైన భూములును నిలుచుటయో పోవుటయో యుండెను. కాఁబట్టి నాఁడు పుట్టిన వంశకథనములు రెండును వాదిప్రతివాదుల వాక్యములే కాని తటస్థుల వ్రాఁతలు కావు. ఈ సంగతిని మఱచి యొక దానిని సత్యమనియు నింకొక దానిని గల్పితమనియుఁ దేల్చివేయుట పలువురకు వాడుకయైనది. అట్లు తేల్చుటకు ముందు రెండు పత్రములను నొక్కటే గీఁటురాతిమీఁద గీయవలయును.

జెంట్రీ యనఁగా నెవరో మొదటఁ జెప్పుట మంచిది. ప్రభుబిరుదములు లేకయు, స్వహస్తమున నాఁగలి పట్టకయు, భూమిపై వచ్చు నాదాయముతో గౌరవముగా బ్రతుకుచు, కులచిహ్నమును ధరించుట కధికారము గల కుటుంబములు జెంట్రీ యనఁబడును. చిహ్నాధికారమును విచారించు నుద్యోగులకు హెరాల్డు లని పేరు. వారి సంఘమునకు 1484లో మూఁడవ రిచర్డు రాజు శాసనపత్ర మిచ్చెను. 1530 మొదలు 1688 దాఁక వారు మండలములు తిరిగి వంశవృక్షములు వ్రాసికొనిరి. అడిగినవారి కడిగినంత ప్రాచీనత చేకూర్చిన హెరాల్డులును లేకపోలేదు. ఫీల్డింగు కుటుంబమువారు తాము హాప్స్‌బర్గు చక్రవర్తుల సంతతివార మని చిరకాలము చెప్పుకొనిరి, జె. హెచ్. రౌండు పండితుఁడు 1901లో వెలువడిన తన గ్రంథమున నా కథను సమూలముగాఁ బెల్లగించెను. రౌండు విమర్శ కఠినము, ఒక్కొక్కచోఁ గటువు కూడను. కాని పద్ధతి నిర్దుష్టము. పత్రమెప్పుడు పుట్టినది, ఎవరి ప్రయోజనమునకుఁ బుట్టినది, అందలి పేరు ఆ కాలమునకు సరిపడునా — ఈ మూఁడే యాతఁ డడుగు ప్రశ్నలు.

పాస్టనులలో నిస్సందేహముగాఁ బ్రసిద్ధుఁడైన మొదటివాఁడు విలియము. 1378లో జన్మించి, ధర్మశాస్త్రముఁ జదివి, న్యాయవాదియై, 1429లో రాజకీయ న్యాయస్థానమున న్యాయాధిపతి యయ్యెను. ఈతఁడు భూములను విశేషముగాఁ గొనెను, ఆగ్నెసు అను నామెను బెండ్లాడి యామెతోఁ గూడ వచ్చిన భూములను బొందెను, 1444లో మరణించెను. కొడుకు జాను సైతము న్యాయవాదియే. జాను తన భార్యయగు మార్గరెటుకు బంధువైన సర్ జాన్ ఫాస్టోల్ఫు అను వృద్ధవీరునకుఁ గార్యనిర్వాహకుఁడుగా నుండెను. ఫాస్టోల్ఫు 1459లో నిస్సంతుగా మరణింపఁగా, నాతఁడు తుదిదినములలోఁ దన భూములను గైస్టరుకోటను నాకే యిచ్చినాఁడని జాను వాదించెను. వ్రాఁతకంటె మాటపైననే యెక్కువగా నాధారపడిన యా వీలునామా వలన జానునకుఁ గోట యెంత లభించెనో శత్రువు లంతకుమించి లభించిరి. అతఁడు పలుమాఱులు లండనునందలి ఫ్లీటు చెఱసాలలో నుంచఁబడెను. చిట్టచివర శత్రువులు పట్టిన యాయుధము వంశవిషయకమైనది: పాస్టనులు జన్మచేత భూదాసులు అని.

ఈ మాట తిట్టు మాత్రమే యని తలఁపరాదు. ఆంగ్లేయధర్మశాస్త్రమున విలను అనఁబడు భూదాసుఁడు దొరకు లోఁబడినవాఁడు. వాఁ డార్జించిన భూమిని గాని సొమ్మును గాని దొర తనదిగాఁ బట్టుకొనవచ్చును. న్యాయాధిపతియైన తండ్రి దాసుఁడైనచో నాతఁడు కొన్న ప్రతిమడియు దొర సొత్తే. రాణికి సోదరుఁడగు స్కేల్సు ప్రభువు, జాను రాజునకు దాసుఁడనుచు నాతని సొత్తును వశపఱచుకొనఁ బ్రయత్నించుట యీ యాధారముతోనే. మూలపురుషుఁడెవ్వఁ డను ప్రశ్న జానునకు విద్వద్వినోదము గాదు, అన్నోదకముల ప్రశ్న.

ఇఁక మొదటి పత్రము. దీనికిఁ గర్త పేరు లేదు, తేదీ లేదు. శీర్షిక మాత్రము పాస్టనుల పూజ్యమైన బంధువర్గమును బూర్వులనుగుఱించిన జ్ఞాపిక యని యర్థమిచ్చును. లోపలికిఁ బోయినచో నీ పూజ్యశబ్దము విపరీతలక్షణచేతనే యన్వయించును. ఆలంకారికులు వ్యాజస్తుతి యనునది యిదియే. న్యాయాధిపతియగు విలియము తండ్రి క్లెమెంటు మంచి సాదా కాఁపు అని జ్ఞాపిక చెప్పును. అతఁడు వేసవిని శీతకాలమును దానే యొక నాఁగలివెంట నడచెననియు, జీను లేని గుఱ్ఱముపై ధాన్యపు మూటను దనక్రిందనే వేసికొని మరకు వెళ్లి పిండితో మరలి వచ్చెననియు, బండి తోలుకొని వింటర్టను గ్రామమునకుఁ బోయి ధాన్యమమ్మెననియు వర్ణించును. అతని భూమి నూఱు మొదలు నూటయిరువది యెకరములకు మించలేదట. అందుఁ బెద్దభాగము గిమింగ్‌హాము దొరతనమునకు లోఁబడిన దాస్యభూమి యట. ఒక చిన్న వాఁగుమీఁద నొక పేదనీటిమర యుండెనట. భార్య యొక దాసి. ఆమె సోదరుఁడు సోమర్టను జెఫ్రీయు దాసుఁడే. జెఫ్రీ పాపక్షమాపత్రముల నమ్ముచు, న్యాయస్థానమున నితరులకుఁ బ్రతినిధిగా నిలుచుచు, పెన్నీలు కూడఁబెట్టి యూర నొక చక్కని ప్రార్థనాలయము కట్టించెనఁట. క్లెమెంటు అప్పులు చేసి కొడుకును బడికిఁ బంపఁగా, మేనమామ యగు జెఫ్రీ సాయపడి వానికి ధర్మశాస్త్రముఁ జెప్పించెనని జ్ఞాపిక చెప్పుచున్నది.

దీనిని వ్రాసినవాఁడు సమర్థుఁడు. జీను లేని గుఱ్ఱ మొక్కటి చాలును. చదువరి కన్నులయెదుట నొక కాఁపు నిలుచును. ఇట్టి సూక్ష్మవర్ణనయే చరిత్రకారుల నాకర్షించినది. దీనుఁడైన కాఁపుకొడుకు న్యాయాధిపతి యగుట యను కథ నేఁటివారికిఁ బ్రియము. ఆ ప్రియమే ప్రమాణమైపోయినదా యని మాకు శంక. వర్ణన సజీవమైనంతమాత్రమున సత్యము గానక్కఱలేదు. శత్రువు వర్ణన మఱియును. కాఁబట్టి యందలి ప్రతివాక్యమును విడఁదీసి చూడవలయును.

మొట్టమొదట గమనింపవలసినది జ్ఞాపిక చెప్పని విషయము. భార్య దాసి యని చెప్పినది, బావమఱఁది దాసుఁ డని చెప్పినది. క్లెమెంటు దాసుఁడని మాత్రము చెప్పలేదు. అతని భూమిలోఁ బెద్దభాగము దాస్యభూమి యనియే చెప్పినది. ఈ రెండును వేఱు. దాస్యము భూమికిని గలదు, మనుష్యునకును గలదు. స్వతంత్రుఁడైన కాఁపు దాస్యభూమిని సాగుచేయుట యా దేశమునఁ బదునాలుగవ శతాబ్దపు మహామారి పిదపఁ దఱచు. విశేషణము భూమికిఁ జెప్పఁబడినది. దానిని విశేష్యము మార్చి మనుష్యునకు నన్వయించుట యన్వయదోషము. జ్ఞాపికాకారుఁ డీ దోషమును దాను చేయలేదు, చదువరిచేఁ జేయించుచున్నాఁడు. క్లెమెంటు దాసుఁడని నిరూపింపఁగలిగినచో నీ శత్రువు సూటిగా ననియే యుండును. అనకుండుట సామాన్యము గాదు.

రెండవది. తల్లి దాసి యైనచో విలియము దాసుఁడగునా? రోమకధర్మశాస్త్రమున సంతానము తల్లి స్థితిని బొందును. ఆంగ్లేయధర్మశాస్త్ర మట్లుగాదు. ఆ కాలమున న్యాయాధిపతియై 1481లో మరణించిన లిటిల్టను తన గ్రంథమున నీ విషయమును స్పష్టపఱచెను: స్వతంత్రుఁడు దాసినిఁ బెండ్లాడినచో బిడ్డలు స్వతంత్రులు, దాసుఁడు స్వతంత్రురాలిని బెండ్లాడినచో బిడ్డలు దాసులు. కాఁబట్టి జ్ఞాపిక యెంతయో నొక్కి చెప్పిన తల్లి దాస్యము వ్యాజ్యమున నిరుపయోగము. గౌరవభంగమునకు మాత్ర ముపయోగించును. లిటిల్టనువంటి న్యాయవాదులు మెలఁగు సభలో దీనినిఁ జదివియుండినచో వా రీ లోపమును గనిపెట్టకుందురా? అందుచేత నీ పత్రము న్యాయస్థానమునకుఁ గాక, రాజసమీపమునఁ జెవినిఁ బెట్టుటకుఁ బుట్టిన దని యూహించెదము. గిమింగ్‌హాము లంకాస్టరు డచీకి, అనఁగా రాజునకే, చెందిన భూమి. పాస్టను గ్రామమున జాను కల్పించుకొనుచున్న దొరతనముచే డచీకి నష్టము కలుగుచున్నదని జ్ఞాపిక తుదిని దొరలుచుండుట యీ యూహను బలపఱచుచున్నది.

అయినను జ్ఞాపికలోఁ గొన్ని సంగతులు నిలుచును. క్లెమెంటు అను నాతఁ డుండెను, 1419లో మరణించెను, తన వీలునామాలోఁ బాస్టను చర్చిలోనే సమాధి కోరెను. దొరలకు లక్షణమైన యే బిరుదమును నాతని కెచ్చటను గానము. ఇరుగుపొరుగువా రెఱిఁగియున్న విషయములను శత్రువు కల్పించుట కష్టము. మర యున్నదో లేదో, ఎకరము లెన్నియో, వింటర్టనుకు ధాన్యము పోవునో పోదో గ్రామమున నందఱు నెఱుఁగుదురు. భావమునకు శత్రుత్వ మున్నది. వస్తువునకు సాక్ష్య మున్నది.

రెండవ పత్రము 1466లో నాలుగవ ఎడ్వర్డు రాజు పేర వెలువడిన నిర్ణయము. జాను చెఱసాలనుండి విముక్తుఁడైన కొలఁది కాలమునకే, 1466 మేనెలలో, లండనున మరణించెను. పిదపనే రాజు మనసు మాఱినది. జూలైలోఁ గైస్టరు పెద్దకొడుకగు సర్ జానునకు మరల నిచ్చునట్లు ఆజ్ఞయైనది. నిర్ణయములో నిట్లున్నది: పాస్టనులు అనేకములైన పురాతనపత్రములను న్యాయసభాపత్రములను జూపిరి, వారికిఁ బాస్టను గ్రామమున ననాదిగా దొరతనమును, సభయును, పలువురు దాసులును గలరు, ఇంటఁ బురోహితు నుంచుకొనుట కనుమతి యుండెను, పూర్వులు మఠములకు భూదానములు చేసిరి, మూఁడవ హెన్రీ రాజు స్థిరపఱచిన పత్రములును గలవు. నార్మనుల జయకాలమునుండియు వారు గౌరవనీయమైన రక్తమున సరళముగా దిగివచ్చిన పెద్దమనుష్యులు. మొదటి పూర్వుఁడు వుల్‌స్టను; ఆతఁడు ఫ్రాన్సునుండి తన బంధువైన విలియము గ్లాన్‌విలుతోఁ గూడ వచ్చెను; ఆ గ్లాన్‌విలే పాస్టనుకుఁ జేరువనున్న బ్రోమ్‌హోము మఠమును స్థాపించెను.

శాబ్దికుఁడైనవాఁ డిచట ముందుకుఁ బోలేఁడు. వుల్‌స్టను అను పేరు ఫ్రెంచి పేరు గాదు. ప్రాచీనాంగ్లమున వుల్ఫ్ శబ్దమునకుఁ దోఁడేలని యర్థము. మన వృకశబ్దమునకు సోదరము. స్టాన్ శబ్దమునకు రాయి. రెండును గలిపిన సమాసనామము వుల్ఫ్‌స్టాన్. నార్మనులు రాకమునుపే యాంగ్లేయులలో నిది మిక్కిలి వాడుకలో నుండెను. 1095లో మరణించిన వూస్టరు బిషప్పు వుల్‌స్టను ఆంగ్లేయుఁడే. నార్మను నాయకుని బంధువై ఫ్రాన్సునుండి వచ్చిన దొరకు విలియమనియో రాబర్టనియో పేరుండుట యుక్తము. ప్రకృతి యాంగ్లేయము, చరిత్ర ఫ్రెంచియు నగుట యుక్తము గాదు. ఎవఁడో నిజముగానే యొక వుల్‌స్టను పాస్టనులో నుండియుండును. వాని పేరు పాతపత్రమునఁ గనఁబడియుండును. కాని యాతఁడు నార్మనుఁడు గాఁడు. అతనిని సముద్రము దాఁటించినవాఁడు 1466 ప్రాంతపు లేఖకుఁడు. పేరును మార్చవలసినదని యా లేఖకునకుఁ దోఁచకపోవుటయే యా పేరునకుఁ బ్రామాణ్యము నిచ్చుచున్నదని మా యభిప్రాయము. కల్పించువాఁడు పేరునే కల్పింపఁదలఁచినచో మంచి ఫ్రెంచిపేరే యేరుకొని యుండును గదా.

రెండవ దోషము భూమినుండి పుట్టుచున్నది. అనాదిగా నా యూర దొరతనమున్నవారికి, న్యాయాధిపతి విలియము పాస్టనులోనే యంత భూమిని గొనవలసిన యవసర మేల? 1443లో నాతఁడు తన యింటిప్రక్కనున్న బాట నొకదానిని మూసి వేఱొకచోటఁ బెట్టుటకు రాజునుండి యనుమతి పొందెను. ఆతఁడు చనిపోయినపిదప నాగ్నెసు అచటఁ గట్టించిన గోడను గ్రామస్థులు పడఁగొట్టిరి. ఏండ్లతరబడి తగవు నడచినది. తరతరముల దొరకు గ్రామస్థులు చూపు వినయ మిది గాదు. నిన్నటి యిరుగువాఁడు నేఁడు గోడ కట్టినప్పటి కోపము. ఆగ్నెసే 1445లో లండనునఁ జదువుకొనుచున్న కొడుకు ఎడ్మండునకు వ్రాయుచు, పాస్టనులోఁ గాఁపుర ముండువాఁడు తన్నుఁ దాను గాపాడుకొన నేర్చియుండవలెనని తండ్రి పలుమాఱు చెప్పెడివాఁడు గావున ధర్మశాస్త్రముఁ జదువు మని హెచ్చరించెను. ఆమె వుల్‌స్టనును దలఁపలేదు, గ్లాన్‌విలును దలఁపలేదు. ఆ యింటివా రొండొరులకు వ్రాసికొన్న యుత్తరములలో నీ మూలపురుషుఁడు మాకుఁ గానరాలేదు. వ్యాజ్యము వచ్చినప్పుడు మాత్రమే పుట్టిన పూర్వుఁ డీతఁడు.

వంశగౌరవ మెంత క్రొత్తదో యంత సుకుమారముగా నుండును. 1469లో జాను కూఁతురు మార్జరీ తమ యింటి గుమాస్తాయగు రిచర్డు కాలును రహస్యముగాఁ బెండ్లాడెను. తల్లి యామెను మరల నింటఁ గాలు పెట్టనీయలేదు. అన్న యొకఁడు, తన చెల్లెలు ఫ్రామ్లింగ్‌హాములో వత్తులు ఆవాలు అమ్ముకొనుటకుఁ దా నంగీకరింపనని వ్రాసెను. ఆవాలమ్ము గుమాస్తాకును, ధాన్యము బండి తోలిన ముత్తాతకును నడుమఁ బెద్ద దూరములేదని శత్రువులు చెప్పియుండిరి. ఆ మాట యింటిలోఁ దగిలినచో టిది. బిషప్పు విచారించి యా వివాహము చెల్లునని చెప్పవలసివచ్చెను. పిదపఁ గాలు వారి కొలువుననే మరల నుండెను గూడ.

ఇంతకు నీ పత్రములే కూటములా? ఈ శంక యొకప్పుడు బలముగాఁ బుట్టినది. లేఖలను 1787లో మొదటఁ బ్రకటించిన జాన్ ఫెన్ను మూలప్రతులను మూఁడవ జార్జి రాజునకు సమర్పించి నైటు బిరుద మందెను. పిదప నా ప్రతులు గానరాకపోయెను. 1865లో మెరివేలు అను విమర్శకుఁ డీ లేఖ లసలైనవియేనా యని ప్రశ్నించుచు వ్యాసము వ్రాసెను. అదే యేఁట నైదవ సంపుటపు మూలప్రతులు ఫ్రియరు కుటుంబమువారి యింట బయటపడెను. 1875లో మూఁడు నాలుగు సంపుటములవియు, 1889లో నార్వెల్ పార్కునందు మొదటి రెండు సంపుటములవియు దొరకెను. వానిలోఁ బెక్కులు నేఁడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. మెరివేలు శంక నిరాధారమని తేలినది. ప్రశ్న యడుగుట తప్పుగాదు. కాని లేఖలు నిజమైనంతమాత్రమున 1466 నిర్ణయమున వర్ణింపఁబడిన పురాతనపత్రములు నిజములు గావు. ఒక పెట్టెలోని యొక కాగితమునకు సిద్ధించిన ప్రామాణ్యమును బెట్టెకంతకును బూయరాదు.

నామసామ్యముచేతఁ గలుగు చిక్కు వేఱొకటి. జాను తన పెద్దకొడుకునకు జానని పేరు పెట్టెను. రెండవ కొడుకునకును జాననియే పెట్టెను. పెద్దవాఁడు 1463లో నైటు బిరుద మంది 1479లో నవివాహితుఁడై మరణించెను. భూములు తమ్మునికి వచ్చెను, తమ్ముఁడు 1487లో నైటు బిరుద మందెను, 1504లో మరణించెను. కావునఁ దేదీ లేని యుత్తరమున సర్ జాను అని యున్నచో నెవ్వఁడో తెలియదు. దస్తూరీని, లేఖకుని, సందర్భమును బరిశీలించి నార్మను డేవిసు 1971లోను 1976లోను సంపుటములు ప్రకటించిన పిదపనే యీ తెఱఁగు చాలవఱకు స్థిరపడినది. కన్నులయెదుట నున్న యన్నదమ్ములను విడఁదీయుటకే యింత శ్రమ యైనచో, మూఁడువందల యేండ్ల వెనుకటి వారిని గలుపుట కెంత శ్రమ గావలయునో చదువరు లూహింపవచ్చును.

ఆ శ్రమ పడినట్లు కనఁబడువాఁడు ఫ్రాన్సిసు శాన్‌ఫర్డు. ఈతఁడు హెరాల్డు, 1677లో నాంగ్లేయరాజుల వంశచరిత్రమును బ్రకటించినవాఁడు. 1673లో రాబర్టు పాస్టనుకు యార్మతు వైకౌంటు పదవి వచ్చెను. ఆ మఱుసటి యేఁడే శాన్‌ఫర్డు పాస్టనుల వంశవృక్షమును గూర్చెను. వుల్‌స్టను అందు మూలము. కాఁపు క్లెమెంటునకు వెనుక నెన్నో తరములు నైటులతోఁ బెద్దింటి కోడండ్రతో నిండియున్నవి. ఇది యద్భుతమైన కూర్పు. ప్రతితరమునకుఁ బత్రమునో ముద్రనో చూపఁ బ్రయత్నించినది. కాని ప్రభువు గడపలోఁ గూర్చుండి ప్రభువు పెట్టెలోని పత్రములతోఁ బ్రభువు పూర్వులను వ్రాయు పండితుఁడు, ఆ పత్రములు 1466లో నెవరి యవసరమునకుఁ బెట్టెలోఁ జేరెనో యడుగలేదు. అడిగియుండినచో వృక్షము మొదలు నఱకవలసివచ్చును. రాబర్టు 1679లో నెర్లయ్యెను; కొడుకు విలియము అప్పులలో మునిఁగి 1732లో మరణింపఁగాఁ బదవియు నంతమైనది; కాగితములు పీటర్ లెనీవు మొదలగు సంగ్రాహకుల చేతులఁ బడినవి.

ఇటీవలి వారిలోఁ గాలిన్ రిచ్‌మండు 1990 మొదలుగా మూఁడు సంపుటములలో నీ కుటుంబమును విచారించెను. హెలెన్ కాస్టరు 2004లో సామాన్యపాఠకులకును రుచించునట్లు రచించెను. వీరి పరిశ్రమ శ్లాఘ్యము. వుల్‌స్టను కథ కల్పిత మనుట నేఁ డించుమించు సర్వసమ్మతము. దానితో మాకును విరోధము లేదు. విరోధ మెల్ల జ్ఞాపికను మాత్ర మవిచారితముగా నంగీకరించుట యందే. రాజనిర్ణయము స్వార్థమునకుఁ బుట్టినదని త్రోసివేయువారు, జ్ఞాపికయు స్వార్థమునకే పుట్టినదని యొప్పుకొనవలయును. రెండింటిని నొరసి చూచిన పిదప మిగులునది యింతే: క్లెమెంటు నూఱెకరములకు మించిన కమతము గలిగి, అందుఁ గొంత దాస్యభూమిని సాగుచేయుచు, స్వయముగా నాఁగలి పట్టిన స్వతంత్రుఁడు; భార్య పుట్టినింటివారు దాసులై యుండవచ్చును; ఆ పుట్టినింటి సొమ్మే న్యాయాధిపతి చదువునకు మూలము.

క్లెమెంటునకుఁ బైన శాన్‌ఫర్డు వ్రాసిన పేళ్లనుగుఱించి యొక మాట. టన్ అంతమందుఁ గల పేళ్లు గ్రామనామములు. ఆ ప్రత్యయస్థానీయమైన శబ్దమునకుఁ గంచె వేసిన నివేశనమని మూలార్థము. గ్రామనామముముందు 'డి' యను నవ్యయముంచి ఫలానియూరివాఁడని చెప్పుట యా కాలపు మర్యాద. మన యిండ్లపేళ్లలోఁ గూడ నొక యూరు విడిచినవా రెందఱో యా యూరిపేరే ధరించి యొండొరులకు జ్ఞాతులు గాకుండుట పండితు లెఱిఁగినదే. ఫిట్జ్ అను శబ్ద మపత్యార్థమును జెప్పును. 'డి' శబ్ద మపత్యార్థమును జెప్పదు, నివాసమునో యాగమనమునో చెప్పును. పాణిని యీ రెండర్థములకును వేఱువేఱు తద్ధితములను విధించెను. కాఁబట్టి పాతపత్రములలో డి పాస్టను అను నాతఁడు కనఁబడినచో నాతఁడు పాస్టనువాఁ డని మాత్రమే సిద్ధించును. రిచర్డు డి పాస్టనును, పిదపఁ గనఁబడు వేఱొక డి పాస్టనును నిజముగా నుండినవారే యనుకొందము. శాన్‌ఫర్డు పటమున వారు నిలుచుటకు బాధ లేదు. తండ్రిని గొడుకుతోఁ గలుపుచు నాతఁడు నడుమ గీచిన గీఁతలకు మాత్రము వేఱు పత్రము చూపవలసి యున్నది.